గోడ తాగని నీళ్లు

భరణి కార్తె, తొమ్మిదో రోజు

పైన 47 డిగ్రీలు. ఏడో అంతస్తులో 30. గాలి ఆడుతోందో లేదో చూడ్డానికి కట్టిన దారం ఆరో అంతస్తు దాకా బాగా వాలింది, ఏడులో కొంచెమే. గోడ తడి: ఉంది.

రోజూ పొద్దున్నే ఈ నాలుగూ గాలి పుస్తకంలో రాయాలని మా ఇంటి కమిటీ రూలు. ఐదో గడి పేరు 'ఇతర విషయాలు'. అది బొటనవేలంత కూడా లేదు. ఆ గడి గీసినవాళ్లకి ఇతర విషయాలేవీ ఉండవేమో, నాకు మాత్రం ఉంటాయి. అందుకని పక్క పేజీ కూడా వాడేస్తున్నాను. కమిటీ పెద్ద తిమ్మక్క చూస్తే కాగితం దండగ అంటుంది. అననీ.

ఇవాళ్టి ఇతర విషయం ఆ ముప్పయ్యే. ఏడులో ఇరవై తొమ్మిది దాటకూడదు. మా ఇల్లు పాత నాపరాయి గనిలో కిందికి దిగుతూ కట్టింది కాబట్టి ఏడో అంతస్తంటే అట్టడుగు. అన్నిటికన్నా చల్లగా ఉండాల్సిన చోటు. ఒక్క డిగ్రీకి ఇంత కంగారేంటని దస్తగిరన్న నవ్వాడు. నీళ్లు వదిలే పని ఆయనది, గాలి చూసే పని నాది. ఇరవై ఏడేళ్లుగా ఒకే గోడకి చెరోవైపు పని చేస్తున్నాం.

"మనిషికి ఒక డిగ్రీ పెరిగితే జరం అంటాం గదన్నా. ఇంటికి పెరిగితే ఏమనాల?" అన్నాను.

"ఎండాకాలం అనాల" అన్నాడు.

నా కూతురు తుషార ఉండేది ఏడులో. తొమ్మిదో నెల పడింది. కాన్పు రోహిణి కార్తెలో అన్నారు. ఏడాది మొత్తంలో పైన మనిషి నిలబడలేని రోజులే ఆ పిల్లకి దొరికాయి.

భరణి, పన్నెండో రోజు

పైన 48. ఏడులో 31. దారం ఏడులో కదిలీ కదలనట్టు ఉంది. గోడ తడి: ఉంది.

'గోడ తడి: ఉంది' అని రాసే ముందు మొదటి అంతస్తులో అరచెయ్యి ఆనించి చూస్తాను. ఇన్నేళ్లూ అలాగే చేశాను, ఇవాళా అలాగే చేశాను.

తప్పు పైన గాలి చెవిలో ఉండొచ్చని అనిపించింది. గనిపైన గాలి వచ్చే వైపుకి నోరు తెరుచుకుని ఉండే గూడు అది. అక్కడ పట్టిన గాలి నడిమి గాలి బావిలోకి దిగుతుంది. బావి గోడ ఊక కలిపి కాల్చిన ఇటుక. ఊక మాడిపోయి ఇటుక నిండా సన్నటి బొక్కలు మిగులుతాయి. వెనక రాతి కాలవలోంచి దస్తగిరన్న వదిలే నీళ్లు ఆ బొక్కల్లోంచి ఊరి, ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి తనంత తానే అడుక్కి దిగుతుంది. ఇంతే మా ఇంటి యంత్రం. కరెంటు పంపుకీ దీపాలకీ సరిపోతే గొప్ప. ఫ్యాన్లంటే ఏంటో పిల్లలకి తెలియదు.

తెల్లారకముందే పైకెక్కి గాలి చెవిలోంచి రెండు గంపల దుమ్ము, ఒక చచ్చిన కాకి, ఎవరిదో ఎగిరొచ్చిన తుండుగుడ్డ తీశాను. సూర్యుడు కనపడగానే దిగిపోయాను. దారం ఏడులో కొంచెం వాలింది. ప్రాణం లేచొచ్చింది.

దిగుతుంటే నాలుగో అంతస్తులో దస్తగిరన్న మనవరాలు ముంతాజు గోడ మీద ఎవరో బిడ్డ పేరు గీసిన నున్నటి సున్నపు పూతని గోళ్లతో గీకుతోంది. ఆ పిల్లకి ఏడేళ్లు, చేతులు ఊరికే ఉండవు.

"గీకినావంటే ఆ పేరున్న బిడ్డకి జరమొస్తాది" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ఈ ఇంట్లో ప్రతి పిల్లా పిల్లాడూ ఆ మాటకి అలాగే చెయ్యి తీసేస్తారు.

కృత్తిక కార్తె, రెండో రోజు

పైన 49. ఏడులో 32. దారం ఏడులో నిటారు.

మళ్లీ మొదటికే వచ్చింది. కాలు ఒకచోట నిలవడం లేదు. ఇవాళ పదకొండుసార్లు దిగి ఎక్కాను. మోకాళ్లు తిట్టుకుంటున్నాయి.

దస్తగిరన్నతో పోట్లాడాను కూడా. అట్టడుగున మిగిలిన నీళ్లు చేరే తొట్టి ఒకటుంది. అది ఏనాడూ సగం దాటలేదు. ఇవాళ పొర్లుతోంది. నీళ్లు దారి తప్పి పోతున్నాయని, ఆయన కాలవలు చూసుకోవడం లేదని అనేశాను.

"ఎప్పుడూ ఇడిసినంతే ఇడుస్తాండా సుంకులమ్మా. నీ గాలి నువ్వు చూసుకో."

"నీళ్లు గోడలోకి పోకుండా తొట్టిలోకి పోతాంటే నేను గాలిని యాడ నుంచి తెచ్చేది?"

"అయితే గోడనడుగు" అని వెళ్లిపోయాడు.

ఎగతాళికే అన్నాడు. నేనూ కోపంలో ఉన్నాను. కాలవలన్నీ నేనే వెళ్లి చూశాను. ఎక్కడా చిల్లు లేదు. ఆయన పని ఎప్పట్లాగే శుభ్రంగా ఉంది. అది చూస్తే ఇంకా చిరాకేసింది.

కృత్తిక, ఐదో రోజు

పైన 49. ఏడులో 33. దారం నిటారు.

ఎండకి వేడెక్కి లోపలి వేడిగాలిని బయటికి లాగే గొట్టానికి నల్లరంగు వెలిసిందేమోనని చూశాను, వెలవలేదు. ఏడో అంతస్తులో జనం పెరిగారేమోనని లెక్కపెట్టాను. తొమ్మిది ఇళ్లు, ముప్పై ఎనిమిది మంది, పోయినేడు ఉన్నంతే. వాళ్లు నన్ను చూసి మాటలాపేస్తున్నారు. గాలి మేస్త్రమ్మ లెక్కపెడుతోందంటే ఖాళీ చేయిస్తారని భయం. ఎక్కడికని ఖాళీ చేయిస్తాం? పై అంతస్తుల్లో గాలి ఆడుతుంది కానీ అది కాలుతున్న గాలి, రోహిణిలో నలభై దాటుతుంది. పైగా కాలు పెట్టే చోటు లేదు.

తుషార గుమ్మంలో తడిగుడ్డ కప్పుకుని కూర్చుంది. పాదాలు వాచాయి.

"గాలి రాలేదా?" అన్నాను.

"నువ్వొచ్చినావు గదా, నీ యెనకాల వస్తాదేమోలే" అంది.

చిన్నప్పట్నుంచీ అంతే, నేను భయపడుతున్నానని తెలిస్తే వేళాకోళం మొదలుపెడుతుంది.

కృత్తిక, ఏడో రోజు

పైన 50. ఏడులో 33.

ఇవాళ తుషార శ్రీమంతం. గాజులు, చలిమిడి, ఏడో అంతస్తు ఆడవాళ్లంతా చెమటలు కక్కుతూ పాట. మా ఇంట్లో ఒక ఆచారముంది. కడుపుతో ఉన్న భార్యకి భర్త కొత్త కుండ తెచ్చి నీళ్లు పోసిస్తాడు. అల్లుడు మద్దిలేటి కుండ తెచ్చాడు. చూసినవాళ్లంతా ఆహా అన్నారు. పేరు పూతకి వాడే మెత్తని సున్నం కుండ బయటంతా రాసి, గులకరాయితో రుద్ది అద్దంలా మెరిపించాడు పాపం. నాలుగు రోజులు పట్టిందట.

తుషార ఒక గుక్క తాగి మొహం పెట్టింది. "కాగిన నీళ్లు పోసినావా?"

"పొద్దున పోసిన నీళ్లే" అన్నాడు మద్దిలేటి.

నాకు నవ్వూ కోపమూ కలిసొచ్చాయి. "కుండకి బయట పూత పూస్తే నీళ్లెట్ల సల్లబడతాయప్పా? కుండ ఊపిరి తీసుకోవాల గదా, నువ్వు దాని ముక్కు మూసి..." అంటూ ఆగిపోయాను.

అందరూ నేను మిగతా మాట అంటానని చూస్తున్నారు. నేను గాలి బావి వైపు చూస్తున్నాను. అడుగు నుంచి పై దాకా గోడ మెరుస్తోంది.

అక్షింతలు వెయ్యకుండానే లేచి వెళ్లాను. చెంబుతో నీళ్లు తీసుకుని గోడ మీద ఒక పేరు పూత మీద కొట్టాను. నీళ్లు జారి కిందపడ్డాయి, ఒక్క చుక్క నిలవలేదు. రెండు పూతల మధ్య జానెడు ఇటుక మిగిలి ఉంది. దాని మీద కొట్టాను. ఇటుక చప్పున తాగేసింది. పైదాకా ఎక్కుతూ కొట్టుకుంటూ పోయాను. మొదటి అంతస్తులో నేను రోజూ చెయ్యి ఆనించే చోట ఒక్క పూతా లేదు. గాలి మేస్త్రమ్మ చెయ్యి పెట్టే చోటని జనం మర్యాదకి వదిలేశారు. ఆ అరచెయ్యంత జాగా చూసి రోజూ 'ఉంది' అని రాసుకుంటున్నాను.

కృత్తిక, ఎనిమిదో రోజు

పైన 50. ఏడులో 33. గోడ తడి: లేదు. ఇన్నేళ్లలో ఈ మాట రాయడం ఇదే మొదలు.

కొలిచాను. బావి గోడ నాలుగు వంతులైతే మూడు వంతులకి పైగా పూత. రెండొందల పన్నెండు పేర్లు.

ఇది ఎలా మొదలైందో రాయాలి, ఎవరూ అడగకముందే. ఇరవై ఆరేళ్ల క్రితం నాకు తుషార పుట్టింది. ఆ రోజుల్లో ఇసుక లేదు, సిమెంటు లేదు, ఇల్లంతా ఇటుకా సున్నమే. బిడ్డకి ఇరవై ఒకటో రోజున పురుడు చేసి, ఉయ్యాల్లో వేసి, ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. సున్నాన్ని నెల నానబెట్టి, వడగట్టి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ గుడ్డు సొనా కలిపి, ఐదో అంతస్తులో మా గుమ్మం ఎదురుగా గోడ మీద మూరెడు పూత పూశాను. రెండు రోజులు రాయితో రుద్దాను. చివరన ఆముదం చుక్క. అందులో మొహం కనిపించేది. దాని మీద 'తుషార' అని గీశాను. అప్పట్లో పుట్టిన పిల్లలందరికీ చల్లటి పేర్లే పెట్టేవాళ్లం.

చూసినవాళ్లు మాకూ అన్నారు. నేనే నేర్పాను. గొప్పగా నేర్పాను. మూరెడు పూత నిలువెత్తయింది, నిలువెత్తుది బారెడు వెడల్పయింది. పక్కింటివాళ్లకన్నా మెరవాలని పోటీ. నాకు పొగడ్తలు. గోడ ఊపిరి తీసుకోవాలని తెలిసిన మనిషి ఈ ఇంట్లో నేనొక్కదాన్నే, దాని ముక్కు మూయడం నేర్పిందీ నేనే. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కృత్తిక, తొమ్మిదో రోజు

పైన 51. ఏడులో 34.

మూడో అంతస్తు వరండాలో అందర్నీ కూర్చోబెట్టి చెంబు నీళ్లతో చూపించాను. రోహిణికి ఇంకా ఐదు రోజులుందని, ఈలోగా పూతలన్నీ గీకెయ్యాలని చెప్పాను.

ఎవరూ కోప్పడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

తిమ్మక్క అంది: "పేరు పూత మీద గీత పడితేనే జరమొస్తాదంటివే. మొత్తం గీకితే ఏమైతాది సుంకులమ్మా?"

చెప్పేశాను. "అది నేను అల్లిన మాట. పిల్లోళ్లు గోళ్లతో గీకి నునుపు పాడు చేస్తాన్యారని, బెదిరిద్దామని అన్న్యా. అంతకుమించి అందులో ఏమీ లేదు."

"ఇన్నేండ్లూ అంటానే ఉండావు గదా."

"అంటానే ఉండా."

తిమ్మక్క కొడుకు హేమంతు ఆరేళ్లప్పుడు వడదెబ్బకి పోయాడు. అది జరిగి పంతొమ్మిదేళ్లు. "నువ్వు అల్లినావో, నీ నోట ఎవరు పలికించినారో. మా వాని పూత పగిలిన ఏడే వాడు పాయ. నేను మాత్రం ఎవర్నీ గీకమని చెప్పను" అంది.

పై అంతస్తులవాళ్లు లేచి వెళ్లిపోయారు. వాళ్లకి దారం వాలుతూనే ఉంది కదా. కింది అంతస్తులవాళ్లు కూడా లేచారు. ఉక్కపోతకన్నా పిల్లల పేర్లంటేనే భయం.

నాకు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి ఒకటుంది. హేమంతు పూత ఎందుకు పగిలిందో నాకు తెలుసు.

కృత్తిక, పదో రోజు

పైన 51. ఏడులో 34.

తుషార దగ్గరికి వెళ్లాను. మొదట గీకాల్సింది దాని పేరే. మొదటి పూత అదే, నాది. ఎవరికో చెప్పే ముందు నేను చెయ్యాలి.

"నిజంగా అబద్ధమేనా అమ్మా?" అంది.

"అబద్ధమే."

"నేను చిన్నప్పుడు ఎవరి పేరు మీదనో గీకి, వాళ్లకి జరమొస్తాదేమోనని మూడు దినాలు వాళ్లింటి కాడ తిరిగినా. నీకు చెప్పలేదు."

దాని వాచిన పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"కడుపు మీద ఒట్టేసి చెప్పు" అంది. ఒట్టు వేశాను. అప్పుడు నవ్వింది. "సరే గీక్కో. ఇరవై ఆరేండ్లు మెరిసినా, చాలు."

గీకే రేకు పట్టుకుని మా గుమ్మం ఎదురుగా నిలబడ్డాను. ఈ చేతులతో ఎన్నో గోడలు కూల్చాను. ఆ మూరెడు ముందు చెయ్యి ఆడలేదు. నేను అల్లిన అబద్ధమని నాకు తెలుసు, అయినా ఆడలేదు. కళ్లు మూసుకుని మొదటి గీటు గీశాను. అక్షరం మీద పడకుండా గీశానని తర్వాత చూసుకున్నాను.

పూత లేచింది కానీ ఇటుక బొక్కల్లో సున్నం ఇంకా ఉంది. చింతపండు నానేసిన నీళ్లతో కడిగి పీచుతో తోమాను. సున్నం పొంగి కరిగిపోయింది. ఇంకో గంటకి ఇటుక నల్లబడింది, తడి వచ్చింది. చెయ్యి పెడితే చల్లగా ఉంది.

కృత్తిక, పదకొండో రోజు

పైన 52. ఏడులో 35. దారం నిటారు.

తుషారకి జ్వరం.

కృత్తిక, పదకొండో రోజు, మళ్లీ

పొద్దున అంతే రాసి వదిలేసి తుషార దగ్గరికి దిగాను. ఇప్పుడు సాయంత్రం.

నూట రెండు. ఒళ్లు కాలుతోంది. ఏడులో గాలి లేదు, ముప్పై ఐదు డిగ్రీలు, నిండు గర్భిణి. జ్వరం రాక ఏమొస్తుంది? ఈ మాట అందరికీ చెప్పాను. నాకు నేను కూడా చాలాసార్లు చెప్పుకున్నాను. మెట్ల మీద జనం నాకు దారి వదిలిన తీరు వేరుగా ఉంది. మద్దిలేటి ఒక్కడే అడిగాడు, తల వంచుకుని: "అత్తా, ఆ పూత మళ్లీ పూస్తే తగ్గుతాదా?"

వాడి మీద కోపం రాలేదు. నేను కూడా మధ్యాహ్నం సున్నం తొట్టి మూత తీసి చూశాను. తీసి, మళ్లీ మూసేశాను. ఈ సంగతి ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా చెప్పను.

కృత్తిక, పన్నెండో రోజు

పైన 52. ఏడులో 35. ఐదో అంతస్తులో తుషార పేరు ఉన్న చోట, గోడకి జానెడు దూరంలో, 31.

ఆ చివరి అంకె రాయడానికి నాలుగుసార్లు థర్మామీటరు మార్చాను. దారం కడితే ఆ మూరెడు దగ్గర మాత్రం కిందికి లాగుతోంది.

మద్దిలేటీ దస్తగిరన్నా కలిసి తుషారని కుర్చీలో కూర్చోబెట్టి రెండంతస్తులు పైకి మోసుకొచ్చారు. కుర్చీని గోడకి ఆనించాం. దాని వీపు సరిగ్గా గీకిన ఇటుకకి తగిలేలా. ఆ తడికి ఒకసారి ఉలిక్కిపడింది, తర్వాత తల వెనక్కి వాల్చింది. పావుగంటలో నిద్రపోయింది. మూడు రోజుల్లో దానికి అదే మొదటి నిద్ర. ఐదో అంతస్తు ఆడవాళ్లు వంటలు మానేసి గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. ఒకావిడ వచ్చి, నన్ను అడక్కుండానే, తుషార తలకి పైన గోడని అరచేత్తో తాకి చూసింది. తర్వాత ఇంకొకావిడ.

సాయంత్రానికి జ్వరం తొంభై తొమ్మిదికి దిగింది. లేవగానే ఆకలన్నది.

దస్తగిరన్న నా చేతిలోంచి రేకు తీసుకున్నాడు. నాలుగో అంతస్తుకి దిగి, ముంతాజు పేరు ముందు మోకాళ్ల మీద కూర్చుని, బిస్మిల్లా అని గీకడం మొదలుపెట్టాడు. ముంతాజు పక్కనే నిలబడి తన నుదురు తానే తాకి చూసుకుంటోంది.

"ఏమన్నా అయితాందా?" అన్నాడు.

"ఆకలైతాంది" అంది తుషార చెప్పినట్టే. అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఈ బావిలో నవ్వు వినపడింది.

కృత్తిక, పదమూడో రోజు

పైన 52. ఏడులో 34.

తెల్లారేసరికి ఏడో అంతస్తువాళ్లు రేకులు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఆరు, ఐదు. ఇంటిల్లిపాదీ దగ్గరున్న చింతపండు తెచ్చి పోశారు. ఇల్లంతా పులుసు వాసన. రాలిన సున్నంతో అందరి జుట్టూ తెల్లబడి, ఎవరు ఎవరి అవ్వో తెలియడం లేదు. కొందరు గీకే ముందు పేరుని వేలితో ఒకసారి తడుముకుంటున్నారు. నేను అటు చూడకుండా మెట్లెక్కుతున్నాను.

రెండో అంతస్తులో తిమ్మక్క వాళ్లవి ఐదు పూతలు. ఎవరూ ముట్టుకోలేదు. ఆమె గుమ్మంలో పీట వేసుకుని వాటికి కాపలా కూర్చుంది. పక్కన కూర్చున్నాను. ఎలా చెప్పాలో ఆలోచిస్తే ఎప్పటికీ చెప్పలేను, అందుకని చెప్పేశాను.

"హేమంతు పూత పగిలింది నా వల్లక్కా. పూత పూసిన పొద్దు నాకు ఇంకో రెండిండ్లలో పని ఉన్న్యాది. కింది పూత ఆరకనే పై పూత ఏసినా. ఆరినాక రెండూ లోపల్లోపల ఇడిపోతా వచ్చి ఆ యేడు పగిలినాది. పిల్లోనికీ దానికీ ఏ సంబంధం లేదు. నాకు అప్పుడే తెలుసు. నా పనితనం మీద మాటొస్తాదని చెప్పలేదు."

"పంతొమ్మిదేండ్లు" అంది.

"అవునక్కా."

"ఆ పగులు నేను సరిగ్గా చూసుకోనందుకు వచ్చిందనుకున్న్యా. దినామూ తుడిచేదాన్ని గాదే, ఆ నెలలో తుడవలేదు, అందుకే అనుకున్న్యా."

ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. తిమ్మక్క లేచి రేకు అందుకుని, నాలుగు పూతలు తనే గీకింది. బలంగా, కోపంగా గీకింది. ఐదోది వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆ పగులు సన్నటి వెంట్రుకలా 'హే' మీదుగా పోతోంది.

"ఇదొక్కటీ వదిలేద్దామక్కా. మూరెడు గోడకి ఇంటికి వచ్చే లోటేమీ లేదు" అన్నాను.

ఆమె రేకు కింద పెట్టేసింది, నాతో మాట్లాడలేదు. ఎప్పుడు మాట్లాడుతుందో తెలియదు.

రోహిణి కార్తె, ఒకటో రోజు

పైన 53. ఏడులో 31. దారం ఏడు దాకా వాలింది. గోడ తడి: ఉంది. ఇరవై ఎనిమిది చోట్ల చెయ్యి పెట్టి చూసి రాస్తున్నాను.

అడుగు తొట్టి సగానికి దిగింది. దస్తగిరన్నకి వెళ్లి చెప్పాను, ఆ రోజు అన్న మాటలు తప్పని. "గోడ ఏమన్న్యాది?" అని అడిగాడు.

రోహిణి, మూడో రోజు

పైన 54. ఏడులో 29. దారం వాలింది.

ఆడపిల్ల. పొద్దున తొమ్మిదింటికి, ఏడో అంతస్తులో, వాళ్లింట్లోనే. ఇద్దరూ క్షేమం. ఇతర విషయాలు లేవు.

మృగశిర కార్తె, తొమ్మిదో రోజు

పైన 44, మబ్బు. ఏడులో 28. గోడ తడి: ఉంది.

ఇవాళ పురుడు. ఉయ్యాల కట్టారు, పాట పాడారు. తిమ్మక్క దిగొచ్చింది. పసిదాన్ని ఎత్తుకుంది, తుషారతో మాట్లాడింది, నాతో లేదు. పొద్దున మిగిలిపోయిన మూలలు గీకినప్పుడు నా భుజం మీద పడ్డ సున్నపు పెచ్చు ఒకటి వెళ్తూ తీసి పారేసింది. దాన్ని మాట కింద జమ వేసుకుంటున్నాను.

పేరు పెట్టాక అందరూ అలవాటుగా గోడ వైపు తిరిగారు. అక్కడ ఒట్టి ఇటుక. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. తుషార చెంబులో వేలు ముంచి ఇటుక మీద 'వర్షిణి' అని రాసింది. అందరం చదివాం. పప్పూబెల్లాలు పంచేలోపల గోడ తాగేసింది.

"పేరు యాడ పాయ?" అంది ముంతాజు.

"లోపలికి పాయ" అంది తుషార.

ముంతాజు దగ్గరికెళ్లి ఆ చోటే చూస్తూ నిలబడింది. వేలి గోరు పైకి లేచింది. నన్ను చూసి ఆగింది.

"గీకితే ఏమైతాది?" అని అడిగింది.

"ఏమీ కాదు."

"పాపకి జరం రాదా?"

"రాదు. గీకు."

గీకింది. ఇటుక పొడి రెండు రవ్వలు రాలింది. ముంతాజు తన గోరు చూసుకుని, ఇంకేమీ జరగకపోయేసరికి విసుగొచ్చి పప్పూబెల్లాల దగ్గరికి వెళ్లిపోయింది.

నేను దారం చూడాలి, ఆరో అంతస్తు ఇంకా మిగిలింది. మెట్టు ఎక్కాను, ఆగాను, ఎవరూ చూడకుండా దిగాను. లోపలికెళ్లి ఉయ్యాల్లో పసిదాని నుదురు మీద చెయ్యి పెట్టి చూశాను.

చల్లగా ఉంది.